నల్లరంగు కింద అతుకు

మిస్త్రీ నమాజుకు వెళ్ళాడు, గంట పడుతుంది, బోసున్ దాదా, కూర్చోండి, అని వెల్డింగు మిషన్ల కొట్టు సాహాబాబు రెండు స్టూళ్ళు ముందుకు నెట్టాడు. గోడ గడియారంలో పన్నెండూ నలభై. ఏక్‌బాల్‌పూర్‌లో మసీదుల మధ్య కాపురముంటూ శుక్రవారం మధ్యాహ్నం సంగతి తట్టకపోవడం ఏమిటి అనుకున్నాడు జయరాజు, తట్టకపోలేదు, తట్టింది, ఇంట్లో చెప్పులు వేసుకునేటప్పుడే తట్టింది, మిస్త్రీ ఉండడు, మిషను నడిపి చూపించేవాడు ఉండడు, చూపించకపోతే కొనక్కర్లేదు, కొనకపోతే ఇంకో వారం గడుస్తుంది, అయినా ఏమీ తెలియనట్టు బస్సెక్కాడు. పక్కన పోలయ్య. పోలయ్య స్టూలు మీద కూర్చోలేదు. తను తెచ్చిన గోనెసంచీ, తాడు దాని మీద పెట్టి, కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. మిషను మొయ్యడానికి వచ్చాడు. నిన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి, "అన్నా, రేపు నీతో నానొత్తాను. పెట్టె బండి నా సేతిలోనే ఇరిగింది గదా, కొత్త బండికి మిషను నానే మోసీసి తెత్తాను" అన్నాడు. సరే అన్నాడు జయరాజు. వద్దంటే ఎందుకు అంటాడు.

పెట్టె బండి అంటే చర్చి బండి. తెలుగు సంఘంలో ఎవరు పోయినా శవపెట్టెను దాని మీద ఉంచి, మగవాళ్ళు చేతులతో లాగుతూ నెడుతూ సమాధుల తోట దాకా నడుస్తారు. మోటారు బండి పిలిపించుకునే స్తోమత ఉన్నవాళ్ళు కూడా పిలిపించరు. తాతల నాడు ఓడరేవు పనికి వచ్చినవాళ్ళు అలా నడిచారు, వీళ్ళూ నడుస్తారు. బండికి ముందు ఒక ఇనప కమ్మీ, వెనక ఒక కమ్మీ. ముందు కమ్మీ ఇరవై ఏళ్ళుగా పోలయ్యది. కార్పొరేషన్లో మురుగుకాలవలు తీసే పని అతనిది, ఆ పని మానేసి పరిగెత్తుకొచ్చి, కాళ్ళు కడుక్కుని, కమ్మీ పట్టుకునేవాడు. ఎవరూ అతన్ని నియమించలేదు. ఎవరూ అతని చేతిలోంచి తీసుకోలేదు కూడా, ఏడు నెలల కిందటి దాకా.

బెంచీ మీద మూడు మిషన్లున్నాయి. ఎర్రది టిఫిను క్యారియరంత ఉంది, భుజానికి తగిలించుకునే పట్టీ ఉంది. నీలంది దానికి రెండింతలు. మూడోది రాడ్డుతో నడిచేది కాదు, చుట్టలోంచి తీగ దానంతటదే వస్తుంది, గ్యాసు సిలిండరు అక్కర్లేదు. సాహాబాబు మూడింటి మీదా ఒకసారి గుడ్డ తిప్పాడు. ఎర్రది చవక. మూత మీద రెండొందల ఆంపియర్లని రాసి ఉంది. "రాస్తారు దాదా, రాయడానికేం పోయింది, నూట ఇరవై ఇస్తే గొప్ప" అన్నాడు, అమ్మేవాడే. నీలంది ఓల్టేజి పడిపోయినా నిలబడుతుంది, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆగకుండా మంట ఇస్తుంది. తీగ మిషను కారు తలుపులకు, సైలెన్సర్లకు, పల్చటి రేకులకు పనికొస్తుంది, బరువు మోసే ఇరుసుకైతే రాడ్డే నయం. అంతా చెప్పి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని అడిగాడు, "ఇంటి దగ్గర పని అన్నారు. ఇంట్లో లైను ఎంత?"

ఇంట్లో లైను ఎంత. ముప్పై ఒక్క ఏళ్ళు షాలిమార్ యార్డులో వ్యాగన్ల కింద వీపు ఆనించి పడుకుని అతికాడు జయరాజు. అక్కడ గోడలోంచి మణికట్టంత కేబులు వచ్చేది. హోల్డరు చేతిలోకి తీసుకోవడం, రాడ్డు తాకించడం, అంతే. కరెంటు ఎంత వస్తోంది అని ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కనాడు అడగలేదు, కొళాయి తిప్పినవాడు గంగలో నీళ్ళున్నాయా అని అడుగుతాడా. అతికిన ప్రతి అతుకునూ ఇన్‌స్పెక్టరు చూసేవాడు, సుత్తితో తట్టి, అద్దం పెట్టి కిందివైపు చూసి, సుద్దతో టిక్కు పెట్టేవాడు. టిక్కు పడనిదే రంగు వెయ్యకూడదు. రంగు వేశాక అతుకు ఎవరికీ కనపడదు, దేవుడికి తప్ప, అనేవాడు ఆ ఇన్‌స్పెక్టరు, దేవుణ్ణి నమ్మనివాడు. పదవీ విరమణ రోజున పూలదండ వేసి, ఇన్నేళ్ళలో ఈయన అతుకు ఒక్కటి తిరిగి రాలేదు అన్నారు. నిజమే. ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నాడు. అదే కొంప ముంచింది. ఖిదిర్‌పూర్ కొట్టులో మొదటి మిషను కొన్ననాడు ఆ కొట్టువాడు కూడా ఇదే అడగబోయాడు, లైను, అన్నాడు, ఇంకా మాట పూర్తి కాలేదు, "నాకు నేర్పకు, నీ వయసు కంటే నా సర్వీసు ఎక్కువ" అన్నాడు జయరాజు. కొట్టువాడు నవ్వి ఊరుకున్నాడు. ఎర్రదే కొన్నాడు. సరిగ్గా ఈ బెంచీ మీదున్నటువంటిదే, పట్టీతో సహా.

"అన్నా, ఈటిలో ఏది తీసుకుంతావు?" పోలయ్య మెట్టు మీంచి తల తిప్పి అడిగాడు. చూద్దాం అన్నాడు జయరాజు. "ఎర్రది తేలిగ్గా ఉన్నట్టుంది. నా భుజానికి అదే మంచిది. నీలంది కొంటే మాత్రం బస్సు దిగిన కాడినించి నువ్వు నన్ను కూడా మొయ్యాల." నవ్వాడు. కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్ళు కిందికి ఉంది. కాలర్ ఎముక కలిసింది గాని పక్కకు కలిసింది. చొక్కా ఆ వైపు జారుతుంటుంది, మాటిమాటికీ సర్దుకుంటాడు. సర్దుకున్న ప్రతిసారీ జయరాజు వీధిలోకి చూస్తాడు. వీధిలో పూజ పందిళ్ళ వెదుళ్ళు తోపుడుబండి మీద పోతున్నాయి, కొసలు నేలకు రాసుకుంటున్నాయి. బండి తోసేవాడు సందు మలుపు దగ్గర ఆగి చక్రం చూసుకున్నాడు. ఎవరైనా చక్రం చూసుకుంటారు. పెట్టె బండి కట్టినవాడు మాత్రం మొదటి రెండు సార్లు చూసుకుని మూడోసారి వెనక్కి తప్పుకున్నాడు.

పాత బండి కొయ్యది, అడుగు చట్రం పుచ్చిపోయింది. స్త్రీల సమాజం వాళ్ళు కొత్త దానికోసం చందా ఎత్తారు. బయట షాపులో చేయిస్తే ఎంతవుతుందో పాస్టరు వినయ్ కుమార్ అయ్యగారు కాగితం మీద రాసి తెచ్చారు. జయరాజు లేచి, "బయటికెందుకు అయ్యగారూ, నేనున్నాను కదా, మిషను ఒకటి కొంటే మన పెరట్లోనే కడతాను, మిషను సంఘానికి మిగులుతుంది" అన్నాడు. అందులో అబద్ధం లేదు, ఆశ కూడా లేదు, ఒక్క పైసా తినలేదు. చవక మిషను కొని, మిగిలింది ఆదివారం నాడు అందరి ముందూ తిరిగి ఇచ్చేశాడు. అయ్యగారు వేదిక మీంచి, సగం ఖర్చులో పని చేసిన నమ్మకమైన గృహనిర్వాహకుడు అన్నారు. భార్య లిల్లీ పక్కవాళ్ళ వైపు తిరిగి తల వంచుకుంది, సిగ్గుతో, సంతోషంతో. ఆ ఆదివారం భోజనంలో పీతల పులుసు. ఎందుకు గుర్తున్నాయి ఇవన్నీ, పీతల పులుసు ఎందుకు గుర్తుండాలి. పొగడ్త తిన్ననాడు తిన్న కూర కాబట్టి.

ఇంటి కరెంటు మీటరు మేడ మీద ఉంది. పెరట్లోకి లైను రావాలంటే మెట్ల మీంచి తీగ లాగాలి, ఇంట్లో ఉన్న తీగ ఇస్త్రీపెట్టెకు వాడేది, ఇరవై గజాలు. అది చాలదని ఏ ఎలక్ట్రీషియనైనా చెబుతాడు. ఆ తీగలోంచి మిషను దాకా ఎంత చేరిందో ఇప్పుడు లెక్క వెయ్యగలడు, అప్పుడు వెయ్యలేదు. రాడ్డు తాకించాడు, మెరుపు వచ్చింది, వచ్చాక చప్పుడు విన్నాడు. మంచి అతుకుకు చప్పుడు ఒకటే, పెనం మీద చేప వేగినట్టు, ఆగకుండా. ఇది తడి కట్టె మండినట్టు చిటచిటమని, ఆగి, మళ్ళీ చిటచిటమంది. విన్నాడు. విన్నానన్నది తను ఎంత తోసినా తిరిగి వచ్చే మాట. చెవులు పోయినవాడైతే ఏ పాపమూ లేదు. యాంగిళ్ళ మూలలు నాలుగూ పర్వాలేదు, పల్చన ఇనుము, అతుక్కున్నాయి. ముందు ఇరుసును చట్రానికి పట్టి ఉంచే పట్టీ మందపుది, ఆ మందాన్ని కరిగించే సత్తువ ఆ మంటకు లేదు. ఇనుము కరగలేదు, రాడ్డు మాత్రం కరిగి పైన పూసలా పేరుకుంది. పెచ్చు కొట్టి చూశాడు. పూస వరసగా ఉంది. ఫొటో తీసి పంపితే ఎవరైనా శభాష్ అంటారు. కింద పట్టలేదని అతనికి తెలుసు. గ్రైండరు ఆన్ చేశాడు, పూసను పట్టీతో సమానంగా అరగదీశాడు, నున్నగా ఉంటుందని తనకు తాను చెప్పుకుంటూ. లిల్లీ బట్టలు తీసుకోవడానికి వచ్చి నిలబడి చూసింది. "అంతలాగ అరగదీసీస్తే మరింకేటి మిగుల్తాది?" అంది. ఆమె వెల్డింగు ఎరగదు. రోట్లో పప్పు రుబ్బే మనిషి అడిగే ప్రశ్న అడిగింది. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు. ఆ మధ్యాహ్నమే నల్లరంగు వేశాడు, రెండు పూతలు.

రేపు మళ్ళీ అతుకుదాం అనుకున్నాడు, రంగు వేశాక కూడా అనుకున్నాడు, ఇరుగూపొరుగూ ఎవరి దగ్గరైనా మందపు తీగ అడిగి తెచ్చి. మర్నాడు అయ్యగారు వచ్చి బండికి ప్రార్థన చేశారు. ప్రార్థన చేసిన బండిని తిరగేసి, రంగు గోకి, మళ్ళీ మంట పెడితే ఏమైందని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఒక్క వాక్యం. ఆ వాక్యానికి అప్పుడు రెండు రోజుల సిగ్గు ఖరీదు. ఇప్పుడెంతో.

మొదటి పెట్టె వెళ్ళింది, ఏమీ కాలేదు. ముందు ఎడమ చక్రం పక్కనే నడిచాడు జయరాజు, అందరూ పాట పాడుతుంటే పెదవులు కదిపాడు, చూపు పట్టీ మీద. రెండో పెట్టె వెళ్ళింది, మార్చిలో, కాదు, మార్చి కాదు, ఫిబ్రవరి, మూడోది మార్చి. రెండోదానికీ ఏమీ కాకపోయేసరికి, పట్టిందేమో, ముప్పై ఒక్క ఏళ్ళ చెయ్యి కదా, చెయ్యి దాని పని అది చేసిందేమో అనుకున్నాడు. మూడోది అప్పాయమ్మది. అప్పాయమ్మ తూకానికి ఎక్కువ మనిషి, నవ్వితే బెంచీ కదిలేది, అరవై మందికి వంట ఒక్కతే దించేది. ఆ రోజు చక్రం పక్కన నడవలేదు. వెనక్కి వెళ్ళి, ఎవరితోనో, దేనిగురించో, మాట్లాడుతూ నడిచాడు. భయం తీరిపోయినందుకా, చూడలేకనా, ఇప్పటికీ తెలియదు. రోడ్డు మీద ట్రాము నడవని పట్టాలు దాటేచోట చప్పుడైంది. పెద్ద చప్పుడు కాదు. బండి ముందు ఎడమ మూల కుంగింది. పెట్టె జారింది. పోలయ్య కమ్మీ వదిలి పక్కకు దూకవచ్చు, దూకలేదు, వెనక్కి తిరిగి పెట్టె కిందికి భుజం పెట్టాడు. పెట్టె అతని భుజం మీద పడి, అక్కణ్ణించి రోడ్డు మీద పడింది. మూత లేచింది. అప్పాయమ్మ చెయ్యి బయటికి వచ్చింది, తెల్ల గ్లౌజుతో. అటు వెళ్ళే మినీబస్సు ఆగింది, జనం కిటికీల్లోంచి చూశారు.

ఆమె కొడుకు ప్రదీప్‌కుమార్ ఆ చేతిని లోపల పెట్టి, మూత మూసి, లేచి, నేల మీద కూర్చుని ఉన్న పోలయ్యను కొట్టాడు. చెంప మీద, రెండుసార్లు. ఎందుకంటే పోలయ్య దగ్గర వాసన వచ్చింది. పొద్దున కొంచెం తాగాడు. కాలవలోకి దిగేవాళ్ళు తాగకుండా దిగలేరు, అది అందరికీ తెలుసు, తెలిసి ఇరవై ఏళ్ళు ఊరుకున్నారు. తాగి లాగాడు, గుంటలోకి లాగాడు, పట్టాల మీదికి లాగాడు, అన్నారు. పోలయ్య చెంప పట్టుకుని, "అవును, నాదే తప్పు బాబూ" అన్నాడు. ఆ మాట అప్పుడు గుండెల్లో ఎలా దిగిందో జయరాజుకు గుర్తులేదు, గుర్తున్నది వేరు. గోనెసంచీ ఒకటి తీసుకుని విరిగిన మూల మీద కప్పాడు. ఎవరూ చెప్పలేదు, చేతులు చేశాయి. పట్టీ ఊడిన చోట ఇనుము అంచు కోసినట్టు తిన్నగా, మెరుస్తూ ఉంది. కరిగిన జాడ లేదు. యార్డులో పని చేసిన ఏ ముసలాడైనా ఒక్క చూపులో చెబుతాడు. సాయంత్రం బండిని పెరట్లోకి తెచ్చుకుని ఆ ముక్క కోసి పాత ఇనుముకు వేశాడు.

"కొత్త బండికి బ్రేకు కూడా ఎట్టు అన్నా" అన్నాడు పోలయ్య. "తాగినోడు లాగినా ఆగీలాగ." తనమీద తనే వేసుకున్న జోకుకు తనే నవ్వాడు. సాహాబాబుకు తెలుగు రాదు, అయినా నవ్వాడు, నవ్వు చూసి.

తాగడం మానేశాడు. ఆ రోజుతో. ఎముక విరిగినందుకు ఆస్పత్రిలో చెయ్యి కట్టి పంపారు, నొప్పికి ఒక గుటక వేసుకోమన్నారు తోటివాళ్ళు, వేసుకోలేదు. సంఘ పెద్దలు మూడు నెలలు ప్రభు బల్లకు దూరంగా ఉండమన్నారు, పెట్టె బండి కమ్మీ ఇకమీదట ముట్టవద్దన్నారు. నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పళ్ళెం వరసలో వచ్చేటప్పుడు పోలయ్య లేచి తలుపు బయట చెప్పుల దగ్గర నిలబడేవాడు. పళ్ళెం జయరాజు దగ్గరికి వచ్చేది. తీసుకునేవాడు. తీసుకోకపోతే పక్కవాళ్ళు చూస్తారు. రొట్టె ముక్క గోరంత ఉంటుంది, అది మింగడానికి ఎంతసేపు పడుతుందో ఆ ఏడు నెలల్లో తెలిసింది. మూడు నెలలు అయ్యాక అయ్యగారు రమ్మన్నా పోలయ్య రాలేదు, "ఇంకా నా మనసు ఒప్పుకోట్లేదయ్యగారూ, ఆ సెయ్యి బయటికి రాడం కళ్ళ ముందలే ఉంది" అన్నాడు. ఇంకా చెప్పుల దగ్గరే నిలబడుతున్నాడు. ఒక రాత్రి అన్నం దగ్గర జయరాజు లిల్లీకి చెప్పేశాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. కూర వడ్డిస్తూ, "పోనీలెండి, ఆ పేరుతో మందు మానీసినాడు, పెళ్ళాం పిల్లలు మూడు పూటలా తింటన్నారు, దేవుడు ఎలాగో ఒకలాగ మంచే చేసినాడు" అంది. ఆ మాట పట్టుకుని రెండు వారాలు నిద్రపోయాడు. తర్వాత అదీ పని చెయ్యలేదు. దేవుడు మంచి చెయ్యడానికి నా అబద్ధం కావలసి వచ్చిందా అని ఒక పక్క, కావలసి వచ్చిందేమో, ఇప్పుడు చెబితే మళ్ళీ తాగుతాడేమో అని ఒక పక్క. ఈ రెండో పక్క తీపిగా ఉంటుంది. తీపిగా ఉండటమే అనుమానం.

కొత్త బండి కట్టమని మళ్ళీ అతన్నే అడిగారు. మిషను కాలిపోయింది, ఈసారి నా సొంత డబ్బుతో కొంటాను అన్నాడు. కాలిపోలేదు, మంచం కింద ఉంది. సొంత డబ్బుతో కొంటే తీరిపోతుందనుకున్నాడు. ఆ ఆదివారం అయ్యగారు అది కూడా వేదిక మీంచి చెప్పారు, ఇవ్వడంలో ఉదారత అన్నారు. ఏది తీర్చబోయినా పొగడ్తయి కూర్చుంటోంది. నీలం మిషను కొని, మందపు తీగ వేయించి, వందేళ్ళు నిలిచే బండి కట్టినా, దాని కమ్మీ పట్టుకోవడానికి పోలయ్య ఉండడు. మంచి అతుకు వేస్తే చెడ్డ అతుకు పోదు. యార్డులో అయితే కోసి తీసేవాళ్ళు. ముందు కొయ్యాలి.

ఒంటిగంటా నలభై అయిదుకు మిస్త్రీ వచ్చాడు, టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ. ఏం కావాలి చాచా అన్నాడు. జయరాజు లేచాడు. తను ఏం అడగబోతున్నాడో నోరు తెరిచేదాకా తెలియదు. "ఎర్రదానితో ముందు అతుకు. తిన్నగా కాదు. సన్న తీగ ఉందా, ఇస్త్రీపెట్టెకు వాడేది? ఇరవై గజాలు. దాని మీంచి." మిస్త్రీ సాహాబాబు వైపు చూశాడు. అలా ఎవరు నడుపుతారు, అన్నాడు. "నడిపేవాళ్ళుంటారు" అన్నాడు జయరాజు. తీగ దొరికింది. అరచేయంత ఇనప బిళ్ళలు రెండు, మందపువి, అంచుకు అంచు ఆనించి మిస్త్రీ రాడ్డు తాకించాడు. చిటచిటమంది, ఆగింది, మళ్ళీ చిటచిటమంది. జయరాజు కళ్ళు మూసుకున్నాడు, మెరుపుకు కాదు. పెచ్చు కొట్టాక పూస కనపడింది, వరసగా, తీరుగా. పోలయ్య వంగి చూసి, "బాగా ఒచ్చిందన్నా" అన్నాడు. ఒక బిళ్ళను బెంచి వైసులో బిగించి, రెండోదాన్ని సుత్తితో కొట్టమన్నాడు జయరాజు. మిస్త్రీ ఒక్క దెబ్బ వేశాడు. పైది ఊడి కింద పడి, మెట్టు దాకా దొర్లింది.

పోలయ్య దాన్ని ఎడమ చేత్తో తీసి, అంచు తిప్పి చూశాడు. "ఏటన్నా ఇది, అంత బాగా కనబడి ఒక్క దెబ్బకే ఇరిగిపోనాది. ఇది కూడా పొద్దున్నే తాగీసినాదేటి?"

సాహాబాబు నవ్వడానికి సిద్ధంగా చూస్తున్నాడు. జయరాజు స్టూలు పట్టుకున్నాడు. చెప్పాడు. గొంతు ఎత్తలేదు, ఆపలేదు. ఇస్త్రీపెట్టె తీగ సంగతి, చప్పుడు సంగతి, గ్రైండరు, నల్లరంగు, గోనెసంచీ కప్పడం, ముక్క కోసి అమ్మెయ్యడం. మిషను కాలిపోలేదని కూడా చెప్పాడు. "నువ్వు తాగి లాగినా, తాగకుండా లాగినా, అది విరిగేదే పోలయ్యా. పట్టాలు లేకపోయినా నాలుగోదానికో అయిదోదానికో విరిగేది." మిస్త్రీకి, సాహాబాబుకు భాష తెలియదు గనక ఇద్దరూ పనేదో వెతుక్కుని అటు తిరిగారు.

పోలయ్య బిళ్ళను బెంచీ మీద పెట్టాడు. అంచుతో వేలు తెగిందేమో చూసుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు.

"లిల్లమ్మకి తెలుసా?"

"తెలుసు."

"అయ్యగారికి?"

"తెలీదు."

"పరదీపుకి?"

"తెలీదు."

"మరి ముందల నాకెందుకు సెప్పినావు? నాను కొట్టలేననా?"

అది నిజం. జయరాజు దారి పొడుగునా, బస్సులో, ఈ స్టూలు మీద, చెబితే పోలయ్యకే చెబుతాను అనుకుంటూ వచ్చాడు, అది న్యాయమనుకున్నాడు, ముందు నష్టపోయినవాడికి చెప్పాలి కదా అని. పోలయ్య ఒక్కడు వింటే, విని ఊరుకుంటే, ఊరుకుంటాడనే నమ్మకం, ఇరవై ఏళ్ళ పరిచయంలో పోలయ్య ఎవరిమీదా కేకెయ్యలేదు, అలా విని ఊరుకుంటే చెప్పినట్టూ ఉంటుంది, ఎవరికీ తెలియనట్టూ ఉంటుంది. ఇదీ నల్లరంగే. తను అనుకోలేదనుకున్నది కూడా పోలయ్య ఒక్క ముక్కలో అన్నాడు.

"ఆదివారం సంఘంలో చెబుతాను" అన్నాడు జయరాజు.

"ఆదివారానికి రెండు రోజులుంది. రెండు రోజుల్లో నువ్వు ఇంకో మాట అల్లుకుంతావు. నీకు నాకంటే సదువుంది." పోలయ్య దగ్గరికి వచ్చాడు. "నాను ఏడు నెలలు ముసిల్దాని సెయ్యి కలలోకొచ్చి సచ్చినాను. దేవుడి బల్ల కాడ కూకోలేపోనాను. ఫోను తియ్యి, పరదీపుకి ఇప్పుడే సెప్పు. నాకు నంబర్లు సదవడం రాదు, నువ్వే కొట్టు."

సాహాబాబు బెంచీ అవతల నుంచి, కోన్‌టా నేబేన్ దాదా, ఏది తీసుకుంటారు, అని మెల్లిగా అడిగాడు. నీలంది అన్నాడు జయరాజు, అటు చూడకుండా. ఫోను జేబులోంచి తీశాడు. పేరు వెతికాడు. పచ్చ గుర్తు నొక్కాడు.

"బయటికి ఇనబడీలాగ ఎట్టు" అన్నాడు పోలయ్య.

పెట్టాడు. నాలుగు రింగులు. ఆఫీసు చప్పుళ్ళ మధ్య ప్రదీప్‌కుమార్ గొంతు. "ఆ, మామా, చెప్పండి. మిషను అయిందా? ఆ తాగుబోతును వెంటేసుకెళ్ళారట, అత్త చెప్పింది. మీకు మరీ జాలెక్కువ మామా. బండి దగ్గరికి మాత్రం రానివ్వకండి, ముందే చెప్తున్నా."

పోలయ్య ఫోను వైపు చూడలేదు. జయరాజు వైపు చూస్తున్నాడు, రెప్ప వెయ్యకుండా.

"ప్రదీపూ" అన్నాడు జయరాజు. "పోలయ్య ఇక్కడే ఉన్నాడు. నువ్వన్నది విన్నాడు. నేను చెప్పేది నువ్వు విను, మధ్యలో మాట్లాడకు. మీ అమ్మను పడేసింది అతను కాదు. ఆ అతుకు నాది. అది పట్టలేదని రంగు వెయ్యకముందే నాకు తెలుసు."